రోడ్ల మరమ్మతు డబ్బు చాలనప్పుడు: డెల్టా రోడ్లకు బడ్జెట్ పంచే లెక్క

గోదావరి డెల్టాలో ఏ సబ్‌డివిజన్ తీసుకున్నా పనుల జాబితా చాంతాడంత ఉంటుంది, మంజూరైన సొమ్ము అందులో నాలుగో వంతుకైనా సరిపోదు. అప్పుడు మామూలుగా జరిగేవి రెండు. బాగా పాడైపోయిన రోడ్డుకి ముందు ఇస్తారు. లేదా మండలానికి ఇంత అని సమానంగా పంచేస్తారు. రెండూ పైకి న్యాయంగానే కనిపిస్తాయి కానీ రెండింట్లోనూ డబ్బు కరిగిపోతుంది. ఎందుకంటే తారు రోడ్డు ఏటా ఒకే లెక్కన పాడవదు. పైపొర బాగున్నన్నాళ్లూ మెల్లగా అరుగుతుంది. పగుళ్లు పడి నీళ్లు లోపలికి దిగాక రెండు వర్షాకాలాల్లోనే కూలబడిపోతుంది. కూలకముందు కిలోమీటరుకి 9 లక్షలతో నిలబడే రోడ్డు, కూలాక 50 లక్షలు అడుగుతుంది. ఉన్న డబ్బుతో ఏ రోడ్డుకి ఏ పని చేస్తే మొత్తం మీద ఎక్కువ మందికి ఎక్కువ కాలం మంచి రోడ్డు దక్కుతుందో కాగితం మీదే తేల్చుకునే పద్ధతి ఇది. గణితంలో దీన్ని ఇంటీజర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఎక్సెల్ షీటు ఉంటే చాలు.

ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర రోడ్ల శాఖ 1980-81లోనే తన రోడ్ల మరమ్మతు డబ్బును దీనికి దగ్గరి చుట్టమైన లీనియర్ ప్రోగ్రామింగ్‌తో లెక్క కట్టి పంచింది. మొదటి ఏడాదే 1.4 కోట్ల డాలర్లు మిగిలాయని 1982లో ప్రకటించారు. వాళ్లది ఎడారి, మనది నీళ్ల మీద తేలే నేల. లెక్క దారి ఒకటే అయినా అందులో వేసే సంఖ్యలు మాత్రం ఇక్కడివే కావాలి.

రోడ్డును ముక్కలు చేయడం

రికార్డులో 11 కిలోమీటర్ల రోడ్డు ఒకే పేరుతో ఉంటుంది. లెక్కకి అది పనికిరాదు. 1 నుంచి 2 కిలోమీటర్ల ముక్కలుగా విడగొట్టాలి. కిలోమీటరు రాళ్లను బట్టి కాకుండా రోడ్డు స్వభావం మారిన చోట తెగ్గొట్టాలి: కాలువ గట్టు ఎక్కే చోట, రెండు పక్కలా రొయ్యల చెరువులో చేపల చెరువులో మొదలయ్యే చోట, ఊళ్లో సిమెంటు రోడ్డు వచ్చే చోట, నల్లరేగడి పోయి ఇసుక నేల వచ్చే చోట. అలాగని మరీ చిన్న ముక్కలూ వద్దు. అర కిలోమీటరు పని కోసం పేవరునీ రోలర్లనీ దింపాలంటే కాంట్రాక్టరు ముందుకు రాడు, వచ్చినా ఆ రేటుకి చేయడు.

ప్రతి ముక్కకీ అయిదు వివరాలు నింపాలి: పొడవు, వెడల్పు, రోజుకి వాహనాలు, రోడ్డు స్థితి, నీటి పారుదల.

స్థితి కొలవడానికి ఖరీదైన యంత్రం లేకపోతే గ్రామ సడక్ యోజన రోడ్లకు వాడే పీసీఐ, అంటే రోడ్డు స్థితి సూచిక, కొలత చాలు. జీపులో మామూలుగా నడిపినప్పుడు వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటితే 5 మార్కులు, 30-40 మధ్య అయితే 4, 20-30 అయితే 3, 10-20 అయితే 2, 10 కూడా అందకపోతే 1. ఈ కొలతలో ఒక మోసం ఉంది. కోనసీమలో కొబ్బరితోటల మధ్య మలుపుల వల్లా, ఊళ్లో జనం వల్లా వేగం తగ్గుతుంది. అది రోడ్డు తప్పు కాదు. అలాంటి చోట దిగి నడిచి గుంతలు, పగుళ్లు చూసి మార్కు వేయాలి. అన్ని రోడ్లకీ ఒకే బండి, ఒకే డ్రైవరు ఉండాలి. సర్వే సంక్రాంతి తర్వాత పెట్టుకోవడం మేలు. తుపాన్ల కాలం ముగిసి దెబ్బలన్నీ బయటపడి ఉంటాయి. సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు మాత్రం పెట్టుకోకూడదు, సగం రోడ్డు ధాన్యం రాశుల కింద ఉంటుంది.

వాహనాల లెక్క మూడు రోజులు, రోజుకి 24 గంటలూ చేయాలి. కోతల రోజుల్లో ఒకసారి, మామూలు రోజుల్లో ఒకసారి. పగటి లెక్కతో సరిపెట్టుకుంటే చెరువుల రోడ్ల మీద సగం బరువు దొరకదు. చేపల లారీలు, ఐసు వ్యాన్లు రాత్రీ తెల్లవారుజామునే ఎక్కువ తిరుగుతాయి. లెక్క బండ్లది మాత్రమే కాదు, ఇరుసు బరువుది కూడా. రోడ్డుకి తగిలే దెబ్బ సుమారుగా ఇరుసు బరువు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. 2018 తర్వాత చట్టం ఒప్పుకునే 11.5 టన్నుల ఒంటి ఇరుసు ఒక్కటి వెళితే దాదాపు నాలుగు ప్రామాణిక ఇరుసులు వెళ్లినట్టే. ఓవర్‌లోడు దానిపైన. అందుకే 600 బండ్లు తిరిగే చెరువుల రోడ్డు 1,500 బండ్లు తిరిగే ఊరి రోడ్డు కంటే ముందు పోతుంది.

మరో రెండు సంగతులు కొలతకి అందవు, రాసి పెట్టుకోవాలి: ఇనుప కేజ్ వీల్స్‌తో ట్రాక్టర్లు రోడ్డెక్కే చోటు, చైను కోతమిషన్లు చేలోంచి రోడ్డు మీదికి ఎక్కి తిరిగే చోటు. కొత్త పైపొర ఒక్క సీజనులో చీరుకుపోతుంది. ఆ ముక్కలకి పైపొర ఆయువు తగ్గించి వేసుకోవాలి.

నీళ్ల సంగతి ముందు తేలాలి

డెల్టా రోడ్డు చాలాచోట్ల పైనుంచి కాకుండా కింద నుంచి చచ్చిపోతుంది. కాలువలు ఏడాదిలో ఎక్కువ కాలం నిండుగా పారతాయి. రోడ్డు పక్కనే చెరువు తవ్వితే నీటి మట్టం రోడ్డు అడుగు వరకూ వస్తుంది. నల్లరేగడి నానితే సీబీఆర్, అంటే నేల బరువు మోసే బలం కొలత, 2 దగ్గరకి పడిపోతుంది. పైన ఎంత తారు పోసినా కింద బురద మీద నిలబడదు. నిలవ నీటి మట్టం కంటే సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింద ఉండే మట్టి) కనీసం 60 సెంటీమీటర్లయినా ఎత్తులో ఉందా, సైడు డ్రైను పారుతోందా, తూములు పూడిపోయాయా, బెర్ము (రోడ్డు పక్క మట్టి అంచు) రోడ్డు కంటే ఎత్తు పెరిగి నీళ్లను రోడ్డు మీదే ఆపుతోందా అని చూసి ప్రతి ముక్కకీ బాగుంది లేదా బాగాలేదు అని రాయాలి. మధ్యస్థం అనే గడి పెట్టకూడదు. పెడితే అన్నీ అందులోకే పోతాయి.

బాగాలేదు అని తేలిన ముక్క మీద పైపొర ఆయువు సగానికి తగ్గించి లెక్కలో వేయాలి. లేదా పైపొర పనిని డ్రైను పనితో ముడిపెట్టాలి. ఆ ముడి ఎలా వేయాలో కింద ఉంది.

చేయదగ్గ పనులు, ధరలు

ఒక్కో ముక్కకి రెండు మూడు ప్రత్యామ్నాయాలు రాయాలి. ఒకే పని రాస్తే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. సాధారణంగా నాలుగు రకాలు సరిపోతాయి: ప్యాచ్ వేసి తూములు బాగుచేయడం; పైపొర రెన్యువల్ (20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్టు, సీల్ కోటు); బలపరచడం (బీఎం, అంటే బిటుమినస్ మెకాడం పొర వేసి దానిపైన బీసీ, అంటే బిటుమినస్ కాంక్రీటు); తవ్వి మళ్లీ వేయడం. ఏమీ చేయకపోవడం అయిదోది. దాన్ని కూడా లెక్కలో ఉంచాలి, మిగతా వాటిని పోల్చేది దానితోనే.

ధర ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్, అంటే ప్రభుత్వ ధరల పట్టిక, నుంచి తీసుకోవాలి. లీడు, అంటే సామాను తెచ్చే దూరం ఖర్చు, మర్చిపోకూడదు. డెల్టాలో రాయి పుట్టదు. కంకర మెట్ట క్వారీల నుంచి రావాలి, గ్రావెల్ కూడా అంతే. రాజమహేంద్రవరం పక్క రోడ్డుకీ సముద్రం ఒడ్డు రోడ్డుకీ ఒకే కిలోమీటరు ధర వేస్తే లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది. లంక గ్రామాలకైతే రేవు దాటించే ఖర్చు కూడా కలపాలి.

ఫలితాన్ని సంఖ్యగా మార్చడం

పని చేస్తే రాబోయే అయిదేళ్లలో పీసీఐ ఏటా ఎంత ఉంటుంది, చేయకపోతే ఎంత ఉంటుంది, ఆ తేడాలన్నీ కూడాలి. దాన్ని పొడవుతోనూ, రోజుకి వాహనాలు ఎన్ని వందలో దానితోనూ గుణించాలి. వచ్చిందే ఆ పని ఫలితం.

ఉదాహరణకి పీసీఐ 3 ఉన్న రోడ్డు. ఏమీ చేయకపోతే 3, 2.5, 2, 1.5, 1, మొత్తం 10. రెన్యువల్ చేస్తే 4.5, 4.2, 3.9, 3.5, 3.1, మొత్తం 19.2. తేడా 9.2. రోడ్డు 4 కిలోమీటర్లు, వాహనాలు 1,500 అయితే ఫలితం 9.2 × 4 × 15 = 552.

ఈ తరుగుదల వరసలు ఎక్కడివి అంటే మీ రెండేళ్ల సర్వేల్లోవే. పోయిన ఏడాది 4 మార్కుల్లో ఉన్న 50 కిలోమీటర్లలో ఈ ఏడాది 35 కిలోమీటర్లు 4లోనే ఉండి 15 కిలోమీటర్లు 3కి జారితే, జారే అవకాశం 0.3. చెరువుల పక్క రోడ్లు, కాలువ గట్టు రోడ్లు, మామూలు ఊరి రోడ్లు అని మూడు గుంపులు చేసి విడివిడిగా కట్టాలి. మొదటి ఏడాది సర్వే ఒక్కటే ఉంటే అనుభవం ఉన్న ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) ముగ్గురిని విడివిడిగా అడిగి నడిమి సంఖ్య తీసుకోవాలి. ఒకచోట కూర్చోబెట్టి అడిగితే సీనియరు చెప్పిందే అందరూ చెబుతారు.

అయిదు రోడ్ల లెక్క

కింది సంఖ్యలు పద్ధతి చూపడానికి అనుకున్నవి. రెన్యువల్ కిలోమీటరుకి 9 లక్షలు, బలపరచడం 25, తవ్వి వేయడం 50, ప్యాచ్ 4 లక్షలు. బడ్జెట్ 150 లక్షలు. 2వ రోడ్డు లంకకి వెళ్లేది, పూర్తిగా పోయింది.

| రోడ్డు | కి.మీ. | వాహనాలు | పీసీఐ | పని | ఖర్చు, లక్షల్లో | ఫలితం |
|---|---|---|---|---|---|---|
| 1 | 4 | 1,500 | 3 | రెన్యువల్ | 36 | 552 |
| 1 | 4 | 1,500 | 3 | బలపరచడం | 100 | 780 |
| 2 | 3 | 600 | 1 | ప్యాచ్, తూములు | 12 | 45 |
| 2 | 3 | 600 | 1 | తవ్వి వేయడం | 150 | 313.2 |
| 3 | 5 | 800 | 3 | రెన్యువల్ | 45 | 368 |
| 4 | 2 | 2,500 | 2 | రెన్యువల్ | 18 | 215 |
| 4 | 2 | 2,500 | 2 | బలపరచడం | 50 | 825 |
| 5 | 6 | 400 | 3 | రెన్యువల్ | 54 | 220.8 |

బాగా పాడైన రోడ్డుకే ముందు అంటే 150 లక్షలూ 2వ రోడ్డు మింగేస్తుంది, ఫలితం 313.2. లెక్క చెప్పే ఎంపిక వేరు: 4వ రోడ్డు బలపరచడం, 1కీ 3కీ రెన్యువల్, 2కి ప్యాచ్. ఖర్చు 143 లక్షలు, ఫలితం 1,790. అదే డబ్బుకి అయిదు రెట్ల పైమాట. ఇందులో ఇంకో చేదు నిజం కూడా ఉంది. 1వ రోడ్డుని రెండేళ్లు వదిలేస్తే పీసీఐ 2కి దిగుతుంది. అప్పుడు 36 లక్షల రెన్యువల్ దానిమీద నిలవదు, 100 లక్షల పని కావాలి.

దీనికి సాల్వర్ (ఉత్తమ ఎంపికని వెతికే ఎక్సెల్ పనిముట్టు) ఎందుకు, ఫలితాన్ని ఖర్చుతో భాగించి పెద్దది మొదలు వరసగా తీసుకుంటే పోదా అనిపిస్తుంది. 150 లక్షలకి ఆ దారిలో వెళ్లినా ఇదే జవాబు వస్తుంది. బడ్జెట్ 85 లక్షలే అనుకోండి. లక్షకి 16.5 ఫలితం ఇచ్చే 4వ రోడ్డుని ముందు తీసుకుంటారు, 50 పోతాయి. మిగిలిన 35తో 1వ రోడ్డు రాదు, ఒక్క లక్ష తక్కువ. 3వదీ రాదు. ప్యాచ్ చేసి 870 దగ్గర ఆగుతారు. అసలు ఉత్తమం 1, 3 రోడ్ల రెన్యువల్: 81 లక్షలు, 920. అయిదు రోడ్లలో ఇది కంటికి కనిపిస్తుంది. ఎనభై ముక్కలు, ఒక్కోదానికి మూడు పనులు ఉన్నప్పుడు కనిపించదు.

అదే 85 కాస్తా 86 అయితే 4, 1 రెండూ వస్తాయి, ఫలితం 1,377. ఒక్క లక్ష కోసం పై అధికారిని అడగడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు. పైన 143 దాటాక 184 లక్షల దాకా ఎంత ఇచ్చినా ఫలితం 1,790 దగ్గరే ఆగిపోతుంది, 185 దగ్గర 1,965.8కి ఎగురుతుంది. అందుకే లెక్క ఒక్క బడ్జెట్‌కి కాకుండా అయిదేసి లక్షల తేడాతో పది పన్నెండు బడ్జెట్లకి నడిపి చూడాలి.

షీటులో కట్టడం

ఒక్కో పనికి ఒక వరస. ఖర్చు ఒక నిలువు, ఫలితం ఒక నిలువు, మూడోది ఖాళీ నిర్ణయ గడి. అందులో 1 ఉంటే ఆ పని చేస్తాం, 0 అయితే చేయం. మొత్తం ఖర్చు, మొత్తం ఫలితం రెండూ సమ్‌ప్రొడక్ట్ సూత్రంతో కట్టాలి. తర్వాత ఎక్సెల్ సాల్వర్ తెరిచి, మొత్తం ఫలితం గడిని గరిష్ఠం చేయమని చెప్పాలి. నిబంధనలు మొదట మూడే: నిర్ణయ గడులు బైనరీ, అంటే 0 లేదా 1 మాత్రమే; మొత్తం ఖర్చు బడ్జెట్‌కి లోపల; ఒకే రోడ్డు మీది పనుల నిర్ణయ గడుల మొత్తం 1 మించకూడదు. మూడోది మరిస్తే సాల్వర్ ఒకే రోడ్డుకి రెన్యువల్, బలపరచడం రెండూ రాసేస్తుంది.

పద్ధతిగా సింప్లెక్స్ ఎల్‌పీ ఎంచుకోవాలి. ఆప్షన్లలో ఇంటీజర్ ఆప్టిమాలిటీ శాతాన్ని 0 చేయాలి. అలా వదిలేస్తే దాదాపు మంచి జవాబు దొరకగానే సాల్వర్ ఆగిపోతుంది. ఇంటీజర్ నిబంధనలు పట్టించుకోవద్దు అనే గడిలో టిక్కు ఉంటే తీసేయాలి.

ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ 200 నిర్ణయ గడుల వరకే తీసుకుంటుంది. ఒక మండలానికి సరిపోతుంది, డివిజన్‌కి చాలదు. అప్పుడు ఓపెన్‌సాల్వర్ అనే ఉచిత యాడ్-ఇన్ కానీ, పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ కానీ వాడాలి. రెండింటి వెనకా ఉన్న సీబీసీ ఇంజను ఇలాంటి వేల గడుల లెక్కని మామూలు ల్యాప్‌టాప్ మీద నడిపేస్తుంది. లిబ్రెఆఫీస్‌లోనూ సాల్వర్ ఉంది, చిన్న లెక్కకి ఫరవాలేదు.

లీనియర్ కాదు అని సాల్వర్ మొండికేస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: నిర్ణయ గడిని ఇఫ్, మ్యాక్స్ లాంటి సూత్రంలోనో, రెండు నిర్ణయ గడుల గుణకారంలోనో వాడి ఉంటారు. షరతుల్ని సూత్రంలో కాకుండా నిబంధనగా రాయాలి. ఖర్చు ఒకచోట రూపాయల్లో, ఒకచోట లక్షల్లో ఉన్నా సాల్వర్ తడబడుతుంది, అన్నీ లక్షల్లోనే పెట్టండి.

ఇక్కడి నిబంధనలు

మొదటిది డ్రైను ముడి. నీటి పారుదల బాగాలేని ముక్కలో డ్రైను పనికి వేరే వరస పెట్టి, పైపొర నిర్ణయ గడి డ్రైను నిర్ణయ గడి కంటే ఎక్కువ కాకూడదు అని రాయాలి. డ్రైను లేకుండా తారు రాదు, తారు లేకుండా డ్రైను రావచ్చు. డ్రైను పనికి ఫలితం విడిగా వేయకపోయినా ఫరవాలేదు, పైపొర కోసం సాల్వరే దాన్ని లాక్కొస్తుంది.

రెండోది కాలువకి అటొక గట్టు రోడ్డు, ఇటొక గట్టు రోడ్డు. ఇది డెల్టాలో తప్ప వేరేచోట అంతగా తగలని చిక్కు. రెండూ ఒకే ఊళ్లని కలుపుతాయి. ఒకటి బాగుపడితే రెండోదాని బండ్లన్నీ దాని మీదికే వస్తాయి. విడివిడిగా ఫలితం కట్టి కూడితే అవే బండ్లని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఎడమ గట్టు మాత్రం, కుడి గట్టు మాత్రం, రెండూ కలిపి అని మూడు వరసలు రాసి, మూడింట్లో ఒకటే ఎంచుకోమనాలి. రెండూ కలిపిన వరసకి ఫలితం విడి ఫలితాల మొత్తం కంటే తక్కువ వేయాలి. ఒక గట్టు కాలువ వైపు జారుతూ ఉంటే ఆ గట్టు మీద డబ్బు పోయకుండా రెండోదాన్ని బలపరచడం చాలాసార్లు సరైన జవాబు. జారిన గట్టుకి రివిట్‌మెంటు (గట్టు వాలుకి రాతి కట్టు) వేయాలంటే వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లోనే కుదురుతుంది. ఆ పని ఖర్చుకి నీటిపారుదల శాఖ మాట కూడా కావాలి.

మూడోది లంకలు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఏ కాజ్‌వే (నీళ్లు దాటే తక్కువ ఎత్తు దారి) మునుగుతుందో ఆ ఊరి వాళ్లకి కంఠతా వచ్చు, అడిగి రాసుకోవాలి. వరద ముందు జనాన్నీ పశువుల్నీ దాటించే దారి వాహనాల లెక్కలో ఎప్పుడూ ఓడిపోతుంది. 2వ రోడ్డుని చూడండి, 600 బండ్లు. దానికి ఎక్కువ బరువు వేసి ఫలితం పెంచాలనిపిస్తుంది. అలా చేయకపోవడమే మంచిది. బరువులు మార్చిన షీటులో ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలియదు. ఈ రోడ్డు మీద ఏదో ఒక పని తప్పనిసరి అని బాహాటంగా నిబంధన రాయాలి, దానికెంత ఖర్చయిందో చూపాలి.

నాలుగోది మండలాల వాటా. ఇది రాజకీయం అని కొట్టిపారేయకూడదు, లెక్కలో పెట్టి దాని ఖరీదు తేల్చాలి. 5వ రోడ్డు ఉన్న మండలానికీ ఏదో ఒకటి ఇవ్వాలన్నారనుకోండి. 54 లక్షలు దానికి పోతే మిగిలిన 96తో 4, 1 మాత్రమే వస్తాయి. ఫలితం 1,790 నుంచి 1,597.8కి పడుతుంది, 10.7 శాతం నష్టం. అదే 5వ రోడ్డుని 2 కిలోమీటర్ల చొప్పున మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 18 లక్షలు, ఫలితం 73.6. అప్పుడు 4, 1, 3తో పాటు ఒక ముక్క కూడా 149 లక్షల్లో ఇమిడిపోతుంది, ఫలితం 1,818.6. మండలానికీ వచ్చింది, మొత్తమూ పెరిగింది. బడ్జెట్ మారకుండా పనుల్ని ఎంత సన్నగా తరిగినా దాటలేని హద్దు 1,822.7. బైనరీ నిబంధన తీసేసి గడిలో 0కీ 1కీ మధ్య ఏ విలువైనా రావచ్చని నడిపితే ఆ హద్దు దొరుకుతుంది.

అయితే ఈ ఎంపికలో లంక రోడ్డు ప్యాచ్ జారిపోయింది. 4, 1, 3 పనుల్ని కదపకుండా దాన్ని తప్పనిసరి చేసి, 5వ రోడ్డు ముక్కనీ ఉంచాలంటే 161 లక్షలు కావాలి, ఫలితం 1,863.6. మీటింగులో పెట్టాల్సింది ఇదే: 11 లక్షలు ఎక్కువ ఇస్తే రెండూ వస్తాయి, లేకపోతే రెండింట్లో ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలో సాల్వర్ చెప్పకూడదు.

లెక్క ఎక్కడ చెడుతుంది

పరిష్కారం లేదు అని సాల్వర్ అంటే సాధారణంగా తప్పనిసరి పనుల ఖర్చు బడ్జెట్ దాటిందని అర్థం. నిబంధనలు ఒక్కొక్కటే తీసి నడిపితే ఏది బిగుసుకుందో తెలుస్తుంది.

సాల్వర్ తప్పుల కంటే డేటా తప్పులు ప్రమాదం. పీసీఐ తక్కువ ఉంటే డబ్బు వస్తుందని ఒకసారి తెలిస్తే అందరి రోడ్లూ 1 మార్కుకి దిగిపోతాయి. ఈ పద్ధతిలో 1 మార్కు రోడ్డుకి డబ్బు అంత తేలిగ్గా రాదని తెలిశాక అన్నీ 3కి ఎక్కుతాయి. ప్రతి పదింట్లో ఒక ముక్కని వేరే సెక్షన్ ఏఈతో మళ్లీ కొలిపించడం తప్ప దీనికి మందు లేదు.

పాడైన రోడ్డు మీద బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి లెక్కలో దాని ఫలితం తక్కువ వస్తుంది, డబ్బు రాదు, ఇంకా పాడవుతుంది. ఈ గుండ్రం తెంచాలంటే చుట్టూ తిరిగి వెళుతున్న బండ్లని పక్క రోడ్డు మీద నిలబడి అడగాలి, లేదా పాత ట్రాఫిక్ లెక్క వాడాలి.

గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డుకి మొదటి అయిదేళ్లు మరమ్మతు బాధ్యత కాంట్రాక్టరుదే. అలాంటి ముక్కలు జాబితాలోకి రాకుండా ముందే ఏరేయాలి. జల్ జీవన్ పైపు కోసమో, చెరువుకి తూము కోసమో రోడ్డు తవ్వబోతున్న చోట కూడా ఈ ఏడాది 0 పెట్టి బిగించేయాలి.

ఒక ఏడాది సరిపోదు

ఒక్క ఏడాదికి లెక్క కట్టినప్పుడు వాయిదా ఖర్చు కనిపించదు. మూడేళ్లకి విస్తరించాలంటే ప్రతి పనికీ మూడు వరసలు: మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు. ఏ ఏటి బడ్జెట్ ఆ ఏటికే నిబంధన. ఒక ముక్కకి మూడేళ్లలో ఒకే పెద్ద పని. రెండో ఏటి వరసలో ఖర్చూ ఫలితమూ అప్పటికి పడిపోయిన స్థితిని బట్టి వేయాలి. రెన్యువల్ అప్పటికి పనికిరాని రోడ్డుకి ఆ వరసే ఉండకూడదు. గడులు మూడింతలవుతాయి కాబట్టి ఇక్కడ ఎక్సెల్ హద్దు దాటిపోతారు.

పని కాలం కూడా చూసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, గోదారి వరద. అక్టోబరు, నవంబరు తుపాన్లు. ఆ తర్వాత సార్వా ధాన్యం ఆరబోత. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) కోతలు. తారు పనికి నికరంగా దొరికేది జనవరి రెండో సగం నుంచి మార్చి వరకు, మళ్లీ దాళ్వా ధాన్యం రోడ్ల మీంచి లేచాక మేలో కొన్నాళ్లు. హాట్‌మిక్స్ ప్లాంటు ఆ రోజుల్లో ఎన్ని కిలోమీటర్లకి మిశ్రమం ఇవ్వగలదో కనుక్కుని, ఏటా తారు పనుల మొత్తం పొడవు అంతకి మించకూడదు అని ఇంకో నిబంధన రాయాలి. ఇది లేకపోతే కాగితం మీద మంచి ప్రణాళిక తయారవుతుంది, మార్చి 31కి సగం డబ్బు మురిగిపోతుంది.

టెండర్లు తెరిచాక ధరలు మారతాయి. లంక పనికి ఎవరూ రాకపోవచ్చు, పట్టణం పక్క పనికి అంచనా కంటే తక్కువకి రావచ్చు. ఒప్పందమైన ధరలతో లెక్క మళ్లీ నడపాలి, అప్పటికే అప్పగించిన పనుల గడులు 1 దగ్గర బిగించి. మిగులు ఎక్కడికి పోవాలో నిమిషంలో తేలుతుంది. తుపాను వచ్చి వెళ్లాక కూడా అంతే: దెబ్బతిన్న ముక్కల పీసీఐ మార్చి, ఖర్చు మార్చి, మళ్లీ నడపాలి. ప్రతిసారీ పాత షీటుని తేదీ వేసి దాచాలి. ఆడిట్‌లో ఈ రోడ్డు ఎందుకు, ఆ రోడ్డు ఎందుకు కాదు అని అడిగినప్పుడు చూపించాల్సింది ఆ షీటునే.